మస్కట్ నుంచి వచ్చిన కొలత

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతున్నారు. "ఆపా, ఏ కంపెనీ మెషిన్ కొంటే మంచిది?" కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, ఆ తర్వాత ఎల్లారెడ్డిలో కళ్లద్దాల దుకాణంలోనే జీవితం గడిపినదాన్ని. నన్ను అడగాల్సింది మెషిన్ల సంగతేనా అని మొదట్లో చిన్నబుచ్చుకునేదాన్ని. ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను.

కళ్లు పరీక్షించే ఆ మెషిన్ మంచిదే. గడ్డం ఆనించి కూర్చుంటే రోడ్డు చివర గాలిగుమ్మటం బొమ్మ చూపించి, టక్కున నంబరు చీటీ చేతిలో పెడుతుంది. దానికి తెలియనిదల్లా ఎదురుగా కూర్చున్న మనిషి నిజం చెప్పడం లేదన్న సంగతే. పంటినొప్పిని ఊరంతా చాటుకుంటాం. మోకాళ్ల నొప్పులు బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పుకుంటాం. కళ్లు కనిపించడం లేదని మాత్రం కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పం. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ చెప్పని మాట చుట్టూనే ఉంది కాబట్టి దాని గురించే రాస్తాను. ప్రమోషన్ల గురించి రాద్దామన్నా నా దగ్గర ఏమీ లేదు. మా దుకాణంలో యజమాని సాబ్ తర్వాత నేను, నా తర్వాత అద్దాలు తుడిచే గుడ్డ.

బెంచీ మీద పేపరు

నన్ను పనిలో పెట్టుకున్నది దుకాణం యజమాని జబ్బార్ సాబ్. నాలో ఏదో గొప్పతనం చూసి పెట్టుకున్నారని చాలాకాలం అనుకున్నాను. అసలు కారణం వేరు. ఫ్రేము సరిచేయాలంటే ముక్కు దూలం తాకాలి, చెవి వెనక వేలు పెట్టి చూడాలి. నఖాబ్ వేసుకునే ఆడవాళ్లు మగవాళ్ల చేత ఆ పని చేయించుకోరు. నేను చేరకముందు వాళ్ల తరఫున భర్తలో, తమ్ముళ్లో వచ్చేవారు. "మా ఇంటామె ముఖం నా ముఖమంతనే ఉంటది" అని తమ ముఖానికే కొలిపించుకుని తీసుకుపోయేవారు. ఆ అద్దాలు ఆమె ముక్కు మీద నిలవక అల్మారాలో నిలిచేవి.

మొదటి రోజుల్లో సాబ్ నన్ను లెన్సులు ముట్టుకోనివ్వలేదు. తలుపు పక్కన బెంచీ మీద ఒక ఉర్దూ పేపరు, ఒక తెలుగు పేపరు పడేసి ఉంచేవారు. "నూరీ, వచ్చినోళ్లు పేపరెట్ల పట్టుకుంటరో చూడు. చార్టు సంగతి తర్వాత" అనేవారు. నా పేరు నూర్జహాన్, ఆయనకు అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేదు. సరే అని చూస్తూ కూర్చునేదాన్ని. ఒకాయన పేపరును మోకాళ్ల దాకా దించేవాడు. ఇంకొకాయన వెలుతురు కోసం గడప దాకా జరిగేవాడు. మరొకాయన పక్కవాణ్ణి "ఏం రాసిండ్రే?" అని అడిగి, తనకు చదివే తీరిక లేనట్టు ఆవలించేవాడు. లోపలి గదిలోకి రాకముందే సగం పరీక్ష అయిపోయేది.

అంత నేర్పిన మనిషికి ఒక బలహీనత ఉండేది. ఊరందరికీ అద్దాలు పెట్టిన జబ్బార్ సాబ్ తాను మాత్రం పెట్టుకునేవారు కాదు. బిల్లు చదవాలంటే పరీక్ష పెట్టెలోంచి ఒక లెన్సు తీసి, దాని మీద గీత పడిందేమో చూస్తున్నట్టు కంటికి ఆనించుకుని, ఆ సందులో బిల్లు చదివేసేవారు. నేను చూసీచూడనట్టు తల తిప్పుకునేదాన్ని. ఒకసారి ఆగలేక అడిగేశాను.

"సాబ్, లెన్సు మంచిగున్నట్టేనా?"

"లెన్సు మంచిగనే ఉన్నది. నీ నాలుకనే జర పొడుగున్నది" అన్నారు, కంటికి ఆనించిన లెన్సు తీయకుండానే.

మస్తు కనవడుతున్నది

షోకేసులో ఫ్రేములకు ఉండేవి ఉత్త ప్లాస్టిక్ బిళ్లలు. వాటికి పవర్ ఉండదు. ఇది మనకు తెలిసినంత బాగా వచ్చినవాళ్లకు తెలియదు, తెలియాలని కూడా లేదు. బీబీపేట నుంచి వచ్చిన రైతు ఒకాయన అలాంటి ఫ్రేము పెట్టుకుని, గుమ్మం బయటికి పోయి రోడ్డు అటూ ఇటూ చూసి సంతోషంగా లోపలికి వచ్చాడు.

"సాలు బిడ్డా, ఇదే ఇయ్యి. మస్తు కనవడుతున్నది. అగో, సిద్దిపేట బస్సు గూడ కనవడుతున్నది."

బయట ఆగి ఉన్నది పాల వ్యాను. "బస్సు పోనియ్యి బాపూ, ఇంకోటి వస్తది. జర లోపలికి రా, కండ్లు చూస్త" అని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన ఎదుట నేను నవ్వలేదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. నవ్వాలనిపిస్తే ఆయన వెళ్లాక నవ్వండి. ముందే నవ్వితే ఆయన ఇక ఏ దుకాణం మెట్లూ ఎక్కడు. పాల వ్యాను ఎక్కి సిద్దిపేటకు టికెట్ అడుగుతాడు.

చార్టు కంఠస్థం పట్టేవాళ్లు ఇంకో రకం. మా పరీక్ష గదికి తలుపు లేదు, పరదా ఒక్కటే. బెంచీ మీద కూర్చుని లోపలివాళ్లు చదివే అక్షరాలు విని వరుస పట్టేసేవారు. రామారెడ్డి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చోగానే గొంతు సవరించుకుని, పై అక్షరం నుంచి కింది వరుస దాకా తప్పు లేకుండా అప్పజెప్పాడు. అంతా విని "మంచిగ చదివినవన్నా" అన్నాను. "మన కండ్లకేమైంది మేడం!" అన్నాడు. నేనింకా చార్టు లైటు వేయలేదు.

ఇంత తంటా ఎందుకు పడతారంటే, అద్దాలంటే ముసలితనమని భయం. నలభై దాటాక దగ్గరి వస్తువు మసకబారడాన్ని చత్వారం అంటాం. అది గడ్డం పెరిగినంత మామూలు సంగతి. గడ్డం గీయించుకోవడానికి సిగ్గుపడనివాడు దీనికి ఎందుకు సిగ్గుపడతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఈ మధ్య కుర్రాళ్లు ఫోనులో బొమ్మ చూసి ఫ్రేములు తెప్పించుకుంటున్నారు. అవి జారిపోతుంటే సరిచేయించుకోవడానికి మన దగ్గరికే వస్తారు. "అక్కడ కొని ఇక్కడికెందుకొచ్చినవ్" అని ముఖం మాడ్చుకోకండి. బిగించి పంపండి. ఫ్రేము ఎక్కడ కొన్నా ముక్కు మన ఊరిదే.

ముఖం మీద లేని ఫ్రేము

జబ్బార్ సాబ్ ఎల్లారెడ్డిలో చిన్న దుకాణం తెరిచి నన్ను అక్కడికి పంపారు. పొద్దున బస్సులో లింగంపేట మీదుగా పోవడం, సాయంత్రం రావడం. అక్కడికి పోయాకే నాకు ఒక కొత్త ఆచారం తెలిసింది. ఎల్లారెడ్డి ఆడవాళ్ల ఫ్రేముల్లో సగం మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో, రియాద్‌లోనో ఎంపికవుతాయి. ఆమె ఇక్కడ ఫ్రేము పెట్టుకుని వీడియో కాల్ చేస్తుంది. అక్కడ ఆయన చూసి సరే అనాలి. ఆయనతోపాటు గదిలో ఉండేవాళ్లంతా మెడలు చాపి తలా ఒక మాట అంటారు. నేను ఎంత బాగా బిగించినా చివరి తీర్పు సముద్రం అవతలే.

రాజమణి అలాగే వచ్చింది. ఎల్లారెడ్డి పక్క పల్లె. బీడీలు చుడుతుంది. ఆకు కత్తిరించేటప్పుడు, చివర దారం కట్టేటప్పుడు కళ్లు పట్టడం లేదని తిన్నగా చెప్పింది. అలా చెప్పేవాళ్లు అరుదు, నాకు వెంటనే నచ్చింది. పరీక్ష అయిపోయింది. ఫ్రేముల దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"ఆయనకు చూపియ్యాలె అక్కా."

ఆమె భర్త శంకర్ మస్కట్‌లో దర్జీ. అరబ్బులు వేసుకునే పొడుగు తెల్ల అంగీలు కుట్టే దుకాణంలో చాలా ఏళ్లుగా పని. కాల్ కలిసింది. తెర మీద ముందు నుదురు, తర్వాత ఫ్యాను, తర్వాత సన్నటి ముఖం కనిపించాయి.

"ఏమయ్యా, గిది చూడు. ఎట్లున్నది?" అంది రాజమణి.

ఆయన ఫోను దూరం జరిపాడు. గడ్డం పైకెత్తాడు. కళ్లు చికిలించాడు. చెయ్యి పూర్తిగా చాపి మళ్లీ చూశాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు. రెండో ఫ్రేము పెట్టుకుంది. "అది గూడ మంచిగనే ఉన్నది." రాజమణి దాన్ని తీసి నా చేతికిచ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. మూడోది నేనింకా షోకేసులోంచి తీస్తూనే ఉన్నాను.

"ఆఁ! ఇదే! ఇదే తీస్కో. అన్నిట్ల నీకు ఇదే మంచిగున్నది" అన్నాడు శంకర్.

ఆమె ముఖం మీద ఏమీ లేదు. రాజమణి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"సిగ్నల్ మంచిగ లేనట్టున్నది" అంది మెల్లగా.

నేను ఫోను ముందుకు వంగాను. "శంకర్ తమ్మీ, సిగ్నల్ మంచిగనే ఉన్నది. నీ చెయ్యే ఇంకా జర పొడుగుండాలె."

నవ్వాడు. నవ్వి వెంటనే ఫోను పెట్టేశాడు. రాజమణి ఇక ఎవరినీ అడగకుండా తనకు నచ్చిన నల్ల ఫ్రేము తీసుకుని వెళ్లిపోయింది.

తెల్ల బట్ట, తెల్ల దారం

మర్నాడు మధ్యాహ్నం దుకాణం ఫోను మోగింది. అద్దాల డబ్బా మీద నంబరు ఉంటుంది కదా, ఆమె చేత చెప్పించుకున్నాడట.

"అక్కా, నేను శంకర్‌ని. నిన్న నువ్వన్నది నిజమే. రాజమణికి మాత్రం చెప్పకు" అని మొదలుపెట్టాడు.

ఆయన చేసే పని అంగీలకు కాలర్లు వేయడం. తెల్ల బట్ట మీద తెల్ల దారం. కుట్టు ఎటు పోతున్నదో కొంతకాలంగా కనిపించడం లేదు. చేతి అలవాటు మీద నెట్టుకొస్తున్నాడు. చేతి అలవాటు అన్నిసార్లూ నిలబడదు. కాలర్ వంకరపోయిందని రెండు అంగీలు వెనక్కి వచ్చాయి. వీసా ఇచ్చి పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఆ కఫీల్ ఇంకొక్కటి వెనక్కి వస్తే ఇంటికి పంపుతానన్నాడు.

"మరి అక్కడనే అద్దాలు తీస్కోరాదు తమ్మీ? దుకాణాలు లేవా?"

"గల్లి గల్లికున్నయి. గల్లి గల్లిల మా కఫీల్ దోస్తులున్నరు. దర్జీ కండ్లు పోయినయని రేపు పొద్దుగాలకే తెలుస్తది. నువ్వు జేసి పంపక్కా. పోయెటోళ్ల చేత తెప్పించుకుంట. మెషిన్ కాడ మాత్రమే పెట్టుకుంట, ఇంకేడ పెట్టుకోను."

మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చూడకుండా అద్దాలివ్వకూడదు. ఇది చదివే పిల్లలు ఎవరైనా "నూర్జహాన్ ఆపా ఇచ్చింది కదా" అంటే ఒప్పుకోను. కళ్లు మసకబారడానికి చత్వారం ఒక్కటే కారణం కాదు, లోపల ఇంకేదైనా ఉంటే డాక్టరే పట్టాలి. ఆ మాటే చెప్పాను. సెలవు మీద రాగానే ముందు కంటి డాక్టరు దగ్గరికి, తర్వాత ఇంటికి అని మాట తీసుకున్నాను. ఆ మాట ఇచ్చాకే, దగ్గర చూపుకు మాత్రం ఒక జత చేస్తానన్నాను.

గదిలో ఉండే ఒక పెద్దాయనకు చత్వారం అద్దాలున్నాయట. అవి పెట్టుకుని సూదిలో దారం ఎక్కించమన్నాను. ఎక్కించాడు. చెవి మీదికి వచ్చే కాడ లోపలి వైపు రాసి ఉన్న నంబరు పక్కవాళ్ల చేత చదివించాను. అలా పవర్ తెలిసింది. ఇక ముఖం వెడల్పు, రెండు కనుపాపల మధ్య దూరం కావాలి. ఈ రెండోది అద్దాలకు ప్రాణం. లెన్సు నడిమి భాగం కనుపాపకు సరిగ్గా ఎదురుగా రావాలి. దాని కోసం మేము చిన్న స్కేలు వాడతాం, చెయ్యి వణకకూడదు. ఎట్లా అని నేను ఆలోచిస్తుంటే ఆయనే అన్నాడు.

"కొలతకేం పరేషాన్ అక్కా? టేపు నా మెడలనే ఉన్నది."

నిజమే కదా అనుకున్నాను. లోకంలో ఎవరిని నమ్మకపోయినా దర్జీ టేపును నమ్మవచ్చు. అద్దం ముందు నిలబడి కొలుచుకుని, పెద్దాయన అద్దాలతో టేపు చూసి గడగడా చెప్పేశాడు. వీడియోలో సన్నగా కనిపించిన ముఖం కొలతలో ఇంత వెడల్పుందేమిటని ఒక్క క్షణం అనిపించింది. ఫోను కెమెరాల మాట నమ్మలేమనుకుని రాసుకున్నాను. కామారెడ్డి పక్క రాజంపేట నుంచి ఒకాయన మస్కట్ విమానం ఎక్కుతుంటే ఆయన సంచిలో అద్దాలు పంపించాం.

లూజు

తర్వాతి ఫోనులో శంకర్ గొంతు వేరుగా ఉంది.

"అక్కా, నీ అద్దాలతోని నా నౌకరి పోయేటట్టున్నది."

మెషిన్ మీదికి వంగితే అద్దాలు ముక్కు మీద నుంచి జారి బట్ట మీద పడుతున్నాయి. పైజామాలకు వేసే ఎలాస్టిక్ తెచ్చి తల వెనక కట్టుకున్నాడట. గదిలోవాళ్లు పడీపడీ నవ్వారు. అది పోనీ అనుకుంటే, కాసేపు కుట్టేసరికి కళ్లు లాగి తల పగిలిపోతున్నది. మూడో కాలర్ కూడా వంకరపోయింది. కఫీల్ ఆయన్ని మెషిన్ మీద నుంచి లేపి గుండీలు కుట్టే దగ్గర కూర్చోబెట్టాడు. ఆ మెషిన్ మీద ఇప్పుడు ఇంకొకతను కుడుతున్నాడు. కఫీల్ వచ్చే శుక్రవారం దాకా చూసి ఇంటికి టికెట్ తీస్తానన్నాడు.

నంబరు మళ్లీ చూశాను. సరిగ్గానే ఉంది. లెన్సు తయారు చేసినవాళ్లకు ఫోన్ చేశాను. నేను చెప్పిన కొలతకే చేశారు. ఆ సాయంత్రం కామారెడ్డిలో బస్సు దిగి తిన్నగా జబ్బార్ సాబ్ ఇంటికి పోయాను. అప్పటికే దుకాణం కొడుక్కి అప్పజెప్పి ఇంట్లో ఉంటున్నారు. అంతా విన్నారు.

"కొలత ఎవరు తీసిండ్రు?"

"ఆయనే సాబ్. దర్జీ గదా."

సాబ్ ముందు నవ్వారు, తర్వాత దగ్గారు, తర్వాత రెండూ కలిపి చేశారు. నీళ్లు తాగి అప్పుడన్నారు.

"నా షేర్వానీ చూసినవా? నాతోని పాటు ఇంకొకడు దూరుతడు అండ్ల. దర్జీ టేపు చదివిండా, కొలత చెప్పిండా? అది అడుగు ముందు."

అక్కడి నుంచే, ఆయన ముందే వీడియో కాల్ చేశాను. "తమ్మీ, టేపు మల్లొక్కసారి పట్టు. జరంత నాకు కనవడేటట్టు పట్టు" అన్నాను. పట్టాడు. టేపు మీద కనిపిస్తున్న గీత వేరు, నేను రాసుకున్న కొలత వేరు.

"టేపు మీద గింతనే ఉన్నది గద! మరి నాకు గంత చెప్పినవేంది?"

"మరి లూజు కలపాలె గదక్కా" అన్నాడు, నాకు పని రాదేమోనన్నట్టు. "ఉన్నకాడికి చెప్తే టైటైతది. మనిషి వంగుతడు, లేస్తడు, తింటడు."

"కనుపాపలకు గూడ లూజు పెట్టినవా?"

"అన్నిటికి పెట్టిన. చెయ్యి అలవాటు."

జబ్బార్ సాబ్ మంచం మీద వెనక్కి ఒరిగి మళ్లీ దగ్గడం మొదలుపెట్టారు. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. పాపం ఆయన జీవితంలో ఎవరికీ ఉన్న కొలత చెప్పి ఉండడు. చెబితే ఆ అంగీ ఎవరికీ పట్టేది కాదు. ఇన్నేళ్లు ఆయనకు అన్నం పెట్టిన అలవాటే ఇప్పుడు మెషిన్ మీద నుంచి లేపింది. మనం కొలత అడిగేది ఎవరినైనా సరే, వాళ్ల పనిలో కొలతంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఈ వాక్యం ఏ ట్రైనింగులోనూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నెత్తి

రెండో జత తయారైంది. శుక్రవారం లోపల మస్కట్‌కు పోయేవాళ్లు కావాలి. ఎవరిని అడగాలా అని సతమతమవుతుంటే రాజమణి దుకాణంలోకి వచ్చింది.

"రామారెడ్డి నుంచి ఒకాయన ఎల్లుండి పోతున్నడట. మాట్లాడిన. ఇయ్యక్కా, నేనే తీస్కపోయి ఇస్త" అని చెయ్యి చాపింది.

నేను నోరు తెరిచాను. శంకర్ చెప్పొద్దన్నాడని డబ్బాను సొరుగులోకి తోయబోయాను.

"నా ఉత్త ముఖం చూసి ఫ్రేము మంచిగున్నదన్నడే, గా దినమే నాకు తెలిసింది" అంది. "అద్దాల ముచ్చట ఆయన గదిల ఉండేటోళ్ల ఇంటోళ్లు చెప్పిండ్రు. తెల్వనట్టే ఉన్న. ఆయన సిగ్గుపడతడని."

అద్దాల డబ్బాను మామిడికాయ తొక్కు డబ్బా పక్కన పెట్టి, రెండింటినీ పాత చీర ముక్కలో చుట్టి తీసుకెళ్లింది. ఆ కొన్ని రోజులు కొత్తవాళ్లకు ఫ్రేములు చూపిస్తూనే ఫోను వైపు చూసేదాన్ని. ఒక మనిషి పని నా లెన్సు మీద వేలాడుతోందని అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు.

శుక్రవారం పోయింది. తర్వాతి రోజు రాజమణి తన ఫ్రేము కాడ వదులైందని వచ్చింది. వదులేమీ కాలేదు. ఇంట్లో ఒక్కతే ఉండలేక వచ్చిందని తెలుస్తూనే ఉంది. నేను ఆ కాడ స్క్రూను తిప్పిందే తిప్పుతూ కూర్చున్నాను. ఆమె ఫోను మోగింది. వీడియో కాల్.

ఈసారి నుదురు, ఫ్యాను కనిపించలేదు. తిన్నగా శంకర్ ముఖం, ముక్కు మీద నా అద్దాలు. ఎలాస్టిక్ లేదు. రాజమణి ఏదో అనబోయేలోగా ఆయనే గబగబా మొదలుపెట్టాడు.

"అక్క ఉన్నదా ఆడ? అక్కా, చూడు!" సూది, దారం తెర ముందుకు తెచ్చి ఒక్కసారికే ఎక్కించాడు. "నిన్న ఒక్క కాలర్ కుట్టనియ్యి, గంతే అని కఫీల్‌ను బతిమాలిన. అద్దాలు పెట్టుకొనే కూసున్న. దాపెట్టలే. కుట్టి ముందల పెట్టిన. తిప్పి తిప్పి చూసిండు."

"ఏమన్నడు?" అన్నాం ఇద్దరం.

"ఏమన్లే. ఇంకో తెల్ల బట్ట తాను తెచ్చి నా ముందలేసిండు. మెషిన్ మల్ల నాదే."

రాజమణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గులేదు. శంకర్ ఇంకా కాలర్ గురించి చెబుతూనే ఉన్నాడు. కుట్టు ఎంత తిన్నగా వచ్చిందో, దారం పోగు పోగు ఎట్లా కనిపిస్తున్నదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఫోను దూరం జరపలేదు. అలాగే చూస్తున్నాడు.

"ఏమే, నీ నెత్తి గట్లెప్పుడైంది?"

రాజమణి చెయ్యి పాపట దగ్గరికి పోయింది. నుదుటి మీద నుంచి వెనక్కి తెల్లటి పాయ, చెవుల పక్కన కూడా నెరుపు.

"రెండేండ్లాయె" అంది. "రోజు మాట్లాడుతనే ఉన్నవు గద."

"మాట్లాడిన" అన్నాడు. "కనవడలే."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. "రంగేసుకోమంటవా?"

"వద్దు" అన్నాడు శంకర్. "కొంగు తియ్యి. జర చూడనియ్యి."